తెల్లదారి ఒట్టు

నలభయ్యో రోజు తెల్లవారింది. యువరాజు సుకేతుడి కుడిచేయి ఇంకా శరణుకడియం మీదే ఉంది.

తుహినదుర్గ రాజ్యంలో ఆ కడియం సంగతి తెలియని పసిబిడ్డ లేడు. శ్వేతపీఠం మహాద్వారానికి, ఇత్తడి సింహం నోట వేలాడుతుంది అది. ఎంత ఘోరం చేసినవాడైనా సరే, పరుగెత్తుకుంటూ వచ్చి దాన్ని పట్టుకున్నాడంటే రాజభటులు గడప అవతలే ఆగిపోవాలి. కాని ఆ అభయం నలభై రోజులకే. పగలంతా చేయి కడియం మీద ఉండాలి. నిద్రపోయేటప్పుడు మణికట్టును గుడ్డతో దానికి కట్టుకోవాలి. నలభయ్యో రోజు సాయంగంట మోగేలోగా రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. నేరం చేయలేదంటే తలారి చేతికి పోవాలి. చేశానంటే తెల్లదారి పట్టి దేశం విడిచి పోవాలి. చేయలేదన్నవాడికి కత్తి, చేశానన్నవాడికి దారి! ఈ ధర్మం ఏ మహానుభావుడు కనిపెట్టాడో గాని, వాడికి నిజం చెప్పేవాళ్ళంటే గిట్టదని మాత్రం తెలుస్తూనే ఉంది.

సూర్యుడు కొండ అంచు దాటాడు. పీఠం గోడలకు పొదిగిన రంగుటద్దాల గవాక్షాలు ఒక్కొక్కటే వెలిగాయి. కెంపులు, పచ్చలు, నీలాలు కరిగించి నేల మీద పోసినట్టు నల్లరాతి మండపమంతా వెలుగు పరుచుకుంది. నూరు నిలువుల ఎత్తున బంగారు రేకు తాపిన కప్పు. ఆ కప్పును మోస్తున్న పాలరాతి స్తంభాలు. స్తంభస్తంభానికీ తేనెమైనపు వత్తుల గుత్తులు. అన్నిటికీ నడుమ వెండి తొడుగు కళ్ళతో, చిరునవ్వుతో, వెలిదేవర విగ్రహం. ఆ మహాసౌందర్యాన్ని చూసిన పరదేశులు నోరు తెరిచి నిలబడిపోయేవాళ్ళు. అదంతా ఎవరి రెక్కలు విరిచి కట్టారో వాళ్ళకు తెలియదు. అది మట్టిబంట్లను అడగాలి.

మట్టిబంటు అంటే పొలంతోపాటు పుట్టి, పొలంతోపాటు చేతులు మారేవాడు. ఏ కమతంలో పుట్టాడో ఆ కమతం దాటిపోకూడదు. పెళ్ళికి పిల్లను చూసుకోవాలన్నా పీఠం సెలవు కావాలి. రాజ్యంలో మూడోవంతు పొలమూ, దాని మీది మనుషులూ శ్వేతపీఠానివే. వాళ్ళందరికీ విడుదల ఇస్తానని సుకేతుడి అన్న భానుకేత మహారాజు పట్టాభిషేక దినాన చాటించాడు. ఆ ఉదయమే పీఠాధిపతి చేతి తీర్థం పుచ్చుకున్నాడు. ఆ రాత్రే నురగలు కక్కి కన్నుమూశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ రాజు వరమిస్తే పూజారి రాజునే లేకుండా చేశాడు.

నింద మాత్రం సుకేతుడి మీదా, అతని అక్క వకుళాదేవి మీదా పడింది. అతను కడియం దాకా పరుగెత్తగలిగాడు. ఆమె పరుగెత్తలేదు. "నేనెందుకు పారిపోవాలిరా?" అంటూ అన్న శవం పక్కనే కూర్చుంది. ఆమెను తీసుకుపోయి ఉత్తరపు బురుజులో వేశారు. రుజువు దొరకలేదు గనుక విచారణ మంచు కరిగేదాకా ఆపారు. రుజువు దొరికితే మట్టుకు అగ్నిగుండమే.

నిజం తెలిసినవాడు ఒక్కడున్నాడు. మందుల సింగన అనే వైద్యుడు. పట్టాభిషేకానికి ముందురోజు అతను పీఠం పెరటి గుమ్మంలో చిన్న సీసా ఒకటి అందించి పోవడం సుకేతుడు కళ్ళారా చూశాడు. ఆ సింగన ఇప్పుడు సముద్రం అవతల శంఖద్వీపంలో దాక్కున్నాడు. అతన్ని పట్టి, ద్వీపపు రాజు ముద్రతో వాఙ్మూలం పంపిస్తే అక్క బతుకుతుంది. మంచు కరగడానికి ఇంకా రెండు నెలలుంది. తెల్లదారి పోయేది సముద్రానికే.

అందుకే పీఠాధిపతి వీతరాగస్వామి వచ్చి ఎదుట నిలబడగానే సుకేతుడు తడుముకోలేదు.

స్వామి పేరు వీతరాగుడే గాని, ఆయన విడిచిపెట్టిన రాగమేదో ఇంతవరకు ఎవరికీ అంతుబట్టలేదు. పొట్టి మనిషి. పాలనురగ వంటి గడ్డం. వినేవాళ్ళకు నిద్రవచ్చే మెత్తని గొంతు.

"ఏం నిర్ణయించుకున్నావు నాయనా?"

"ఒప్పుకుంటున్నాను."

"ఏమని?"

"అన్న ప్రాణం తీసింది నేనేనని." ఎత్తుకుని పెంచిన అన్న!

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే. ఎవరి సాయమూ లేదు." ఇది మాత్రం గట్టిగా అన్నాడు. అక్కను గండం దాటించే మాట ఇదేనని అతని నమ్మకం.

"మంచిది. విషం దేనిలో కలిపావు? పాత్ర చెప్పని ఒప్పుకోలు చెల్లదు నాయనా. శాసనం అలా ఉంది, నేనేం చెయ్యను?"

సుకేతుడు తడబడ్డాడు. తీర్థంలో అన్నాడా, పీఠాన్ని నిందించినట్టే. ఒప్పుకోలు అక్కడికక్కడే కొట్టేసి తలారిని పిలుస్తారు. ఏదో ఒకటి చెప్పాలి. నోటికి ముందు వచ్చింది అనేశాడు.

"రాత్రి తాగే కషాయంలో."

లేఖకుడి ఘంటం ఒక్క క్షణం ఆగింది. స్వామి కనురెప్పలు దించి, కానివ్వమన్నట్టు చిటికెనవేలు కదిపాడు. ఘంటం మళ్ళీ కదిలింది. సుకేతుడు ముద్ర వేశాడు. నలభై రోజులుగా బిగుసుకుపోయిన అతని వేళ్ళను కడియం నుంచి ఇద్దరు సేవకులు ఒక్కొక్కటిగా విడదీయవలసి వచ్చింది.

మధ్యాహ్నానికల్లా అతని చేత ఒట్టు వేయించారు. తలపాగా, చెప్పులు, ఆయుధం ఉండరాదు. చేతిలో తెల్లకర్ర ఉండాలి. దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళుంటాయి, వాటి మధ్యనే నడవాలి, వాటి మధ్యనే పడుకోవాలి. ఎవరూ అతన్ని పలకరించరాదు, తాకరాదు. ఊళ్ళవాళ్ళు దారి మీద పెట్టిన రొట్టె తినవచ్చు. రేవు చేరాక ఓడ దొరికేవరకు దినదినమూ మోకాలి లోతు సముద్రంలోకి దిగి మూడుసార్లు "ఓడ" అని కేక వేయాలి. దేశం విడిచి పోవాలన్న మనసు నిజమేనని చూపడానికి అది గుర్తు. కాలు రాయి దాటిందా, అతను ఇక మనిషి కాదు, తోడేలు. తోడేలును ఎవరైనా చంపవచ్చు.

మహాద్వారం తెరుచుకుంది. సుకేతుడు మంచు మీద మొదటి అడుగు వేశాడు. అరికాలు కాలినట్టయింది.

వెనుక పది అడుగుల దూరంలో దారికాపు బయలుదేరాడు. అతని పేరు మాచడు. అరవై ఏళ్ళ మట్టిబంటు. మెడలో పోతుకొమ్ము బూర, చేతిలో కంచరగాడిద పలుపు. దారి తప్పినవాణ్ణి చూస్తే బూర ఊదడం అతని కొలువు. దారి నడిచేవాడితో మాట్లాడితే నాలుక కోస్తారు గనుక ముప్పయ్యేళ్ళుగా అతను గాడిదతోనే మాట్లాడుతున్నాడు.

"సుక్కీ, సూశావటే? రాజుబిడ్డ అడుగెలా ఏత్తన్నాడో! అలా మునేళ్ళ మీద నడిత్తే సాయంత్రానికి కాళ్ళుండవే. మడమ ముందు ఆనించాలని ఎవురైనా సెప్తే బాగుండు. నేను సెప్పకూడదు, నువ్వు సెప్పలేవు."

సుకేతుడు మడమ ముందు ఆనించి చూశాడు. నొప్పి కాస్త తగ్గింది. వెనక్కి తిరిగి కృతజ్ఞతగా చూశాడు గాని మాచడు అప్పటికే గాడిద చెవిలో పేలు వెతుకుతున్నాడు.

రెండో రోజు ఉదయం పొగమంచు దిగింది. ముందు దారి మసకబడింది, తర్వాత తన చేతిలోని కర్ర కొసే కనిపించకుండా పోయింది. ఎడమపక్క ఒక సున్నపురాయి, కుడిపక్క ఒక సున్నపురాయి మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి. వాటిని చూసుకుంటూ నడిచాడు. దారి మెల్లగా కుడికి తిరిగింది. రాళ్ళూ తిరిగాయి. సుకేతుడూ తిరగబోయి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు.

పొద్దుటి నుంచి అతని ఎడమకాలు బండిచక్రాల గాడిలో పడి నడుస్తూ ఉంది. ఎన్ని వందల ఏళ్ళ బండ్లు తిరిగాయో, ఆ గాడి జానెడు లోతు. ఇప్పుడు ముందున్న చోట తెల్లకర్రతో పొడిచి చూస్తే గాడి లేదు. మెత్తని మట్టి!

ఒంటికాలి మీద నిలబడి కర్రతో నాలుగు వైపులా తడిమాడు. గాడి నేరుగా ముందుకు పోతూ ఉంది. రాళ్ళు మాత్రం పక్కకు జరిగి ఉన్నాయి. మంచులో ఎవడో కిచకిచ నవ్వాడు. మరుక్షణమే రాళ్ళు వాటంతట అవే నేల మీద పాకుతూ ఇంకో పక్కకు వచ్చి నిలిచాయి.

"ధూమకంఠుడు!" అనుకున్నాడు సుకేతుడు. పీఠం వెలిదేవరను పగలు పూజిస్తుంది, ఆ పూజతో కాని పనులకు కొండగుహల్లో మాంత్రికుణ్ణి మేపుతుంది. ఆ మేత తినేవాడే ధూమకంఠుడు. సుకేతుడు ఒకప్పుడు వాడి క్షుద్రశాలను తగలబెట్టించాడు. ఆ కక్ష వాడు మరిచిపోయే రకం కాదు.

అతను కళ్ళు మూసుకున్నాడు. రాళ్ళను చూడటం మానేసి, బండిగాడిని కాలితో తడుముకుంటూ నడిచాడు. ఒకచోట పులి గాండ్రించింది. ఒకచోట చెవి పక్కగా బాణం దూసుకుపోయింది. కళ్ళు తెరవలేదు. మంచు విడిచేసరికి అరికాళ్ళు చిట్లి, గాడిలో రక్తం చారలు కట్టింది.

"సుక్కీ," అంది వెనుక నుంచి గొంతు, "మనం ముప్పయ్యేళ్ళుగా ఈ దారి కాత్తన్నాం. తోడేలు తల తెచ్చినోడికి మట్టి నుంచి ఇడుదలంట. ఆడూ, ఆడి పెళ్ళాం బిడ్డలూ ఏ దేశమైనా ఎల్లిపోవచ్చంట. అయితే ఏం లాభం, ఒక్కడూ దారి తప్పడే!"

అది వేళాకోళమో, ఆశో సుకేతుడికి తెలియలేదు.

మూడో రోజు నడిమి పొద్దుకు గర్జినీనది ఎదురైంది. పేరుకు తగ్గ నది. రెండు కొండల నడుమ మంచుగడ్డలను గిరగిర తిప్పుతూ, బండలను దొర్లిస్తూ, నురుగును ఆకాశానికి విసురుతూ పరవళ్ళు తొక్కుతూ ఉంది. నది మీది చెక్కవంతెనకు పలకలన్నీ ఎవరో ఊడబీకారు. మిగిలింది ఒకే ఒక్క దూలం. దాని మీద నున్నటి మంచుపొర.

వంతెన కూడా దారే. ఒడ్డు దిగి నది దాటే చోటు వెతుక్కుంటే తోడేలే. సుకేతుడు తెల్లకర్రను అడ్డంగా పట్టుకుని దూలం మీద కాలు పెట్టాడు. ఇంకో రెండు అంగలే ఉన్నాయనగా అవతలి ఒడ్డున, సున్నపురాళ్ళకు బయట, ఒక స్త్రీ కనిపించింది. చిరిగిన పట్టుచీర, విడిపోయిన జుట్టు, చేతులకు సంకెళ్ళు.

"తమ్ముడూ! బురుజు గోడ దూకి వచ్చానురా! కాలు విరిగింది. ఇటు దూకు, నన్ను పట్టుకో!"

వకుళాదేవి! అవే కళ్ళు, అదే గొంతు. ఒక్క దూకు దూకితే ఆమె పక్కన ఉంటాడు. మోకాళ్ళు వంచాడు కూడా. అంతలో తన నోటి నుంచి పొగలా వస్తున్న ఊపిరి తన కళ్ళకే అడ్డుపడింది. ఆ చలిలో మాచడి నోటా పొగే, గాడిద ముక్కునా పొగే. అంత గట్టిగా అరుస్తున్న అక్క నోట మాత్రం పొగ లేదు.

"అక్కా, నడవలేకపోతున్నాను," అన్నాడు సుకేతుడు నీరసంగా తూలుతూ. "చేయి అందించు."

ఆమె ఆశగా ముందుకు వంగి, సున్నపురాళ్ళ మీదుగా చేయి చాచింది. ఆ మణికట్టును రెండు చేతులా ఒడిసిపట్టి ఒక్క గుంజు గుంజాడు. పట్టుచీర మాయమైంది. బూడిద రాసుకున్న ఎముకల గూడు ఒకటి గావుకేక పెడుతూ అతని నెత్తిమీదుగా ఎగిరి దూలానికి వేలాడింది. అదే ధూమకంఠుడు. సుకేతుడి తెల్లకర్ర జారి నీళ్ళలో పడబోతే కాలివేళ్ళతో పట్టి ఆపాడు.

"ఎవరు పంపారు? స్వామేనా?" అని మాంత్రికుడి వేళ్ళ మీద మడమ ఆనించాడు.

వేలాడుతూనే వాడు నవ్వాడు. "స్వామా? నిన్ను దారి తప్పించాలన్నది నా సొంత సరదా. నువ్వు నడిచినా, తప్పినా ఆయనకు ఒకటే. ఆయనకు కావలసింది నువ్వు మొన్ననే ముద్ర వేసి మరీ ఇచ్చావు!"

"ఏమిటిచ్చాను? చెప్పు!"

చెప్పడానికి వాడికి వ్యవధి లేకపోయింది. మంచుపొర మీద వేళ్ళు జారాయి. గర్జినీనది వాణ్ణి రెండుసార్లు పైకి తేల్చి, మూడోసారి తేల్చలేదు.

ఒక గండం గడిచినందుకు సంతోషించాలి. కాని సుకేతుడికి సంతోషం కలగలేదు. ఏమిచ్చాను, ఏమిచ్చాను అనుకుంటూనే ఒడ్డు చేరాడు. మాచడు గాడిదను దూలం మీద ఎలా దాటించాడో అడగకండి. అది ఆ గాడిదకూ, అతనికీ, వాళ్ళిద్దరూ తిట్టుకున్న తిట్లకూ మాత్రమే తెలుసు.

ఆ సాయంత్రం మకరరేవు కనిపించింది.

అర్ధచంద్రంలా వంగిన నీలిసముద్రం. దాని ఒడిలో రంగురంగుల తెరచాపలతో నూరు ఓడలు. అంగళ్ళలో దంతపు పెట్టెలు, కుంకుమపువ్వు బుట్టలు, సింహళపు ముత్యాలు, ఉత్తరదేశపు మృదువైన రోమచర్మాలు. సుగంధద్రవ్యాల వాసనా, ఎండుచేపల వాసనా కలిసి గాలిని బరువెక్కించాయి. ఆ సందడి నడుమ, నడివీధిలో, సున్నపురాళ్ళ మధ్య నెత్తుటి కాళ్ళతో సుకేతుడు నడిచాడు. జనం తప్పుకున్నారు. తల్లులు పిల్లల కళ్ళు మూశారు. అన్నను చంపినవాణ్ణి ఎవరు చూస్తారు?

రాళ్ళ వరుస సముద్రంలోకి దిగిపోయి ఆగింది. అతను మోకాలి లోతుకు దిగాడు.

"ఓడ!"

ఎవరూ తల తిప్పలేదు.

"ఓడ!"

దగ్గర్లోని పడవవాడు తెడ్డు వేసి దూరంగా జరిగాడు. పీఠం కోపానికి గురైన ఓడకు ఈ తీరాన మంచినీళ్ళు కూడా పుట్టవు.

"ఓడ!"

"ఏందయ్యా ఆ అరుపులు? చెవుడు రాలేదు నాకింకా!" అంటూ ఒక పొడుగాటి నావ మీద నుంచి బట్టతల మనిషొకడు తొంగిచూశాడు. ఆ నావ నడిపే శంఖద్వీపం సరంగు. "మీ సాములకు భయపడటానికి నేనేం మీ మట్టిలో పుట్టలేదు. పోటు దిగేలోగా తెరచాప ఎత్తాలి. వస్తే రా, నిచ్చెన దింపుతున్నా."

తాటినిచ్చెన నీళ్ళ మీదికి జారింది. సుకేతుడు నమ్మలేకపోయాడు. నలభైరెండు రోజుల తర్వాత మొదటిసారి అతని పెదవుల మీదికి నవ్వు వచ్చింది. రేపు ఈపాటికి శంఖద్వీపం. సింగనను మెడపట్టి రాజు ముందు నిలబెట్టడం. వాఙ్మూలం. అక్క! నిచ్చెన మొదటి మెట్టు మీద చేయి వేశాడు.

అప్పుడు రేవుబురుజు మీద దండోరా మోగింది. రాజధాని నుంచి చుట్టుదారిన మూడు గుర్రాలు మార్చుకుంటూ వచ్చిన పీఠం చాటింపుదారు, ఒళ్ళంతా బురదతో, పత్రం విప్పి చదివాడు.

"సర్వజనులూ వినండహో! భానుకేత మహారాజును రాత్రి కషాయంలో విషం కలిపి చంపినట్టు యువరాజు సుకేతుడు స్వయంగా ఒప్పుకుని ముద్ర వేశాడు. ఆ కషాయం కాచేదీ, వడకట్టేదీ, రాజు చేతికిచ్చేదీ వకుళాదేవి ఒక్కతేనని వంటశాల సాక్ష్యం. మరో చేయి ఆ పాత్రను తాకలేదు. రుజువు తమ్ముడి నోటి నుంచే వచ్చింది గనుక మంచు కరిగేదాకా ఆగనక్కరలేదు. ఎల్లుండి మిట్టమధ్యాహ్నం వకుళాదేవికి అగ్నిగుండం! వెలిదేవరకు జయమగు గాక!"

జనం "జయం" అన్నారు. వాళ్ళలో సగంమంది మట్టిబంట్లే.

సుకేతుడికి కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. కషాయం! చిన్నప్పటి నుంచి అన్నకు ఆయాసం. రోజూ రాత్రి అక్క స్వయంగా శొంఠీ, మిరియాలూ దంచి కాచి, తను ఒక గుటక తాగి చూసి మరీ ఇచ్చేది. నలభై రోజులు ఏ రుజువూ దొరక్క పీఠం తల పట్టుకు కూర్చుంటే, అక్కను కాపాడబోయి తానే ఆ రుజువు తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టాడు. మాంత్రికుడు చెప్పలేక చచ్చిన మాట ఇదన్నమాట. అతను నోరు తెరిచి ఏడ్చాడు. రాజకుమారుడినన్న సంగతి మరిచి, మోకాలి లోతు నీళ్ళలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఎక్కుతావా, ఎక్కవా?" అరిచాడు సరంగు. "పోటు దిగుతోందయ్యా! చచ్చేవాళ్ళ కోసం బతికేవాడు చావడమేమిటి? ఎక్కు!"

అతను చెప్పింది అబద్ధం కాదు. ఎల్లుండిలోగా ద్వీపం వెళ్ళి రావడం దేవతలకైనా అయ్యే పని కాదు. వచ్చిన దారి మూడు రోజులు, అదీ ఆరోగ్యమైన కాళ్ళకు. చేతిలో ఆయుధం లేదు. రాజధాని చుట్టూ ఏడు కోటగోడలు. వెళ్ళి చేయగలిగేది ఏమీ లేదు. బహుశా అక్క పక్కన నిలబడి "నేను అబద్ధమాడాను" అని అరవడం ఒక్కటే. దాన్నైనా ఎవరు వింటారు?

సుకేతుడు నిచ్చెన వదిలేశాడు. నీళ్ళలోంచి వెనక్కి నడిచి ఒడ్డుకు వచ్చాడు. తెల్లకర్రను మోకాలి మీద పెట్టి రెండుగా విరిచాడు. సున్నపురాయి ముందు ఒక్క క్షణం నిలబడి, దాన్ని దాటి అవతల కాలు పెట్టాడు.

రేవులో బేరాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మాచడు గాడిద పలుపు వదిలేశాడు. బూర చేతిలోకి తీసుకున్నాడు. నోటి దగ్గరికి తెచ్చి, దించి, ఈసారి గాడిద వైపు చూడలేదు. నేరుగా సుకేతుడి కళ్ళలోకే చూశాడు.

"ఇప్పుడు నువ్వు దారి మనిషివి కాదు బాబూ, నీతో మాటాడొచ్చు. ఊదక తప్పదు నాకు. నా పెళ్ళాం, ఇద్దరాడపిల్లలు పీఠం మట్టి మీదున్నారు. నాకు ఇరవై దాకానే లెక్కొచ్చు. రెండుసార్లు పెడతా. ఆ ఉప్పుకొట్టాల సందులోంచి పరుగెత్తు. మడమ ముందు ఆనించు, బాబూ."

"నీకు విడుదల..."

"ఒకటి," అన్నాడు మాచడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. "రెండు."

సుకేతుడు పరుగెత్తాడు. అంగళ్ళ గుడారాలు తాళ్ళతో సహా తెంచుకుంటూ, చేపల బుట్టల మీద నుంచి దూకుతూ, ఉప్పుకొట్టాల సందులో పడ్డాడు. సందు మలుపు తిరుగుతుండగా బూర మోగింది. ఆ వెంటనే రేవు గంట. ఆ వెంటనే కుక్కలు. తర్వాత మనుషులు. గునపాలతో, కొడవళ్ళతో, చేపల ఈటెలతో తలుపుతలుపు నుంచీ మనుషులు బయటికి వస్తున్నారు. వాళ్ళు రాజభటులు కారు, పీఠం సైనికులూ కారు. భానుకేతుడు ఎవరి కోసం చచ్చిపోయాడో వాళ్ళే వాళ్ళు. ఆ రాజు ఇస్తానన్న విడుదల ఇప్పుడు అతని తమ్ముడి తలలో ఉంది.

సందు చివర వెలుతురు కనిపించింది. దాని అవతల పొలాలు, పొలాల అవతల కొండలు. ఇంకో పది అంగలు. అప్పుడు ఒక గుమ్మంలోంచి ఒక ఆడమనిషి వచ్చి సందుకు అడ్డంగా నిలబడింది. బక్కచిక్కిన మనిషి. చంకలో పాలుతాగే బిడ్డ. కుడిచేతిలో చేపలు కోసే కత్తి.

"మీ అన్న మంచోడని మా ఆయన సెప్పేవోడు," అంది ఆమె ఏడుస్తూ. "నువ్వూ మంచోడివే అయ్యుంటావు. నాకు నలుగురు పిల్లలు బాబూ. నన్ను తిట్టుకోమాకు."

బిడ్డను గడప మీద దించి, కత్తిని రెండు చేతులతో పట్టుకుని, ఆమె అతని మీదికి వచ్చింది.